ఎడమ పక్క అత్తగారు

పరుపుల బండి మా షెడ్డుకి వచ్చిన ప్రతిసారీ ముందు తిట్లు వచ్చేవి, తర్వాత బండి వచ్చేది. రెంటికీ మధ్య తీరిగ్గా ఒక టీ తాగేయొచ్చు. ఆ రోజు కూడా అంతే. వీధి మలుపులోంచి, "అల్లుడుగారూ, మీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా? ఎడమ పక్క కాలువ కనపడట్లేదా?" అని వినపడగానే మా పిన్ని కుర్చీలోంచి లేచి, బల్ల మీదున్న గాజు గ్లాసులు తీసి లోపల పెట్టింది.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు, నాకు యజమాని. బళ్ళకి పాటల పెట్టెలు బిగించే షెడ్డు ఆవిడది. బిగించేది నేను. తిట్టేది ఆవిడ. పని పంపకం దగ్గర మా ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు.

"ఇదిగో, ముందే చెప్తున్నా," అంది పిన్ని నావైపు వేలు చూపించి. "ఆవిడ బండిలో కోతివేషాలేశావో, నిన్ను మూటగట్టి మీ అమ్మకి పంపిస్తా. అక్కయ్య తిరిగి పంపినా తీసుకోను."

"నేనెప్పుడేశాను పిన్నీ?"

"పళ్ళ డాక్టరు కారు వెనక్కి తీస్తే చంటిపాప ఏడుపు వినపడేలా చేసిందెవర్రా?"

"అది భద్రత కోసం. అప్పట్నుంచి ఆయన కారు వెనక్కి తియ్యడమే మానేశాడు. పక్కింటికి వెళ్ళాలన్నా ఊరంతా చుట్టి ముందుకే వస్తున్నాడు."

పిన్ని చెప్పు కోసం కిందకి చూసింది. అదృష్టం బాగుండి అప్పుడే బండి వచ్చి ఆగింది.

ఆ బండి గురించి కొంచెం చెప్పాలి. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక పరుపులేసుకునే తొట్టి. ఈమధ్యే తెల్ల రంగు వేయించారు. ఎడమ తలుపు మీద చేతులు తలకింద పెట్టుకుని నిద్రపోతున్న అమ్మాయి బొమ్మ. ఆ బండి పక్కన ఎవరైనా నిద్రపోగలరని అనుకున్న బొమ్మలాయన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కుడి పక్క అద్దం ఉంది. ఎడమ పక్క అద్దం లేదు. ఎప్పుడో ఒక గేటు తగిలి ఊడిపోయింది. కొత్తది పెట్టిద్దామని అల్లుడు అంటే, "ఆ పక్కన కూర్చునేది నేను. నాకంటే బాగా ఏ అద్దం చెప్తుంది?" అంది అత్తగారు. ఆనాటి నుంచి ఎడమ అద్దం ఆవిడే. మామూలు అద్దం మనం చూస్తేనే చూపిస్తుంది. ఈ అద్దం చూసినా చూడకపోయినా చెప్తుంది. గోడ సంగతి చెప్తుంది, గుంట సంగతి చెప్తుంది, ఆ రెంటి మధ్య ఖాళీ దొరికితే అల్లుడిగారి వంశం సంగతి చెప్తుంది.

బండి ఆవిడది, పరుపుల కొట్టు ఆవిడది. తోలేది పెద్దల్లుడు. ఇద్దరూ తెల్లారి లేచింది మొదలు ఒకరి మీద ఒకరు నిప్పులు కక్కుకునేవారు. కానీ మర్యాదలో మాత్రం లోటు రానిచ్చేవారు కాదు. అల్లుణ్ణి గారు లేకుండా పిలవకూడదని ఆవిడకొక నియమం. గాడిద అన్నా సరే, గాడిదగారూ అనేది. ఆయనా తక్కువేం కాదు. "అత్తయ్యగారూ, తమరు దయచేసి ఒక్క క్షణం నోరు మూసుకుంటే బండి దానంతటదే నడుస్తుంది," అనేవాడు. రోడ్డు మీద వినేవాళ్ళకి పెళ్ళివారి పలకరింపుల్లా ఉండేది, మాటలు అర్థం కానంతసేపు.

ఆయన బండి దిగి, తలుపు మెల్లిగా వేశాడు. ఆ తలుపుని ఆయన ఎప్పుడూ గట్టిగా వెయ్యడు. రంగు పోతుందని భయం. నన్ను షెడ్డు మూలకి లాక్కెళ్ళాడు.

"తమ్ముడూ, నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్దది కావాలి."

"ఎంత పెద్దదన్నా?"

"ఆవిడ గొంతు నాకు వినపడకూడదు."

నేను బండి వైపు చూశాను. కిటికీ అద్దం వెనక అత్తగారి పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. ఎవరితోనో కాదు. పక్క సీటు ఖాళీ.

"అంత పెద్దది ఇంకా తయారు కాలేదన్నా. అయినా ప్రయత్నిద్దాం."

"నవ్వులాట కాదు. ఇంకొక్క గీత పడితే తాళం చిన్నల్లుడికి ఇచ్చేస్తానంది. తెలుసా నీకు? రంగు వేయించిన రోజే అంది, అందరి ముందూ." ఆయన తాళం చెవిని పిడికిట్లో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "తాళం పోతే నన్ను కొట్టు వెనక గదిలో కూర్చోబెడుతుంది. దూది దుమ్ములో, ఆవిడకి ఎదురుగా కూర్చుని పరుపుల అంచులు కుట్టాలి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎదురుగా, తమ్ముడూ! బండిలో అయితే కనీసం పక్కకి ఉంటుంది. స్టీరింగు నా చేతిలో ఉంటుంది."

"మరి పాటలు పెడితే గీత పడదా?"

"ఆవిడ అరుస్తుంది కాబట్టే నా చేతులు వణుకుతాయి. చేతులు వణుకుతాయి కాబట్టే గీత పడుతుంది. వినపడలేదనుకో, వణకవు."

"అద్దం లేదు కదన్నా. ఎడమ పక్కేముందో ఎవరు చెప్తారు?"

"మెడ లేదా నాకు?" అన్నాడు ఆయన. "తిప్పి చూసుకుంటా."

వెనక తొట్టి నిండా పరుపులు నిలువెత్తున కట్టి ఉన్నాయి. మెడ కాదు, ఒంటె మెడ తెచ్చి అతికించినా వాటి పక్క నుంచి ఏమీ కనపడదు. కానీ కొనడానికి వచ్చినాయన్ని నిరుత్సాహపరచకూడదని పిన్ని నాకు నేర్పిన మొదటి పాఠం.

పని మొదలైంది. సమస్యల్లా అత్తగారు బండి దిగనంది.

"నా బండి. నేనెందుకు దిగాలి? నీ పని నువ్వు చేసుకో. నేను అడ్డమా?"

అడ్డం కాదు, నిలువే. సీటు వెనక పెట్టాల్సిన పెద్ద పెట్టెకి ఆవిడ వీపు అడ్డం, సీటు కింద పెట్టాల్సిన యాంప్లిఫయరుకి కాళ్ళు అడ్డం, ఎడమ తలుపు అట్ట ఊడదియ్యడానికి మోచెయ్యి అడ్డం. చివరికి ఆవిడ చుట్టూనే బిగించాను. తలుపు అట్టకుండే ప్లాస్టిక్ మేకులన్నీ ఆవిడ ఒళ్ళో పోశాను. స్క్రూలు ఆవిడ దోసిట్లో పెట్టాను. ఇంకాసేపుంటే ఆవిడ మీద కూడా ఒక స్పీకరు బిగించి ఉండేవాణ్ణి. బ్యాటరీ నుంచి లావు వైరు ఇంజను పక్క ఇనప గోడకున్న కన్నంలోంచి లోపలికి లాగుతుంటే, "అదేమిటి, పాములా ఉంది?" అంది.

"కరెంటు వైరు అత్తయ్యగారూ."

"అల్లుడుగారికి దగ్గరగా వెయ్యి."

ఆయన బయట నిలబడి, "విన్నాను," అన్నాడు.

"వినాలనే అన్నాను," అంది ఆవిడ.

కాసేపటికి ఆయన టీకొట్టుకి వెళ్ళాడు. ఆయన వీపు కనపడకుండా పోయేదాకా చూసి అత్తగారు నా చెవి పట్టుకుంది. ప్రేమగా కాదు. దగ్గరకి లాక్కోవడానికి.

"ఈ డప్పులన్నీ ఎందుకు పెట్టించుకుంటున్నాడో నాకు తెలీదనుకుంటున్నాడా? నా మాట వినపడకూడదని. నాకొక మైకు పెట్టు."

"మైకా?"

"చిన్నది. కనపడకూడదు. నేను మాట్లాడితే పాటని తోసుకుని వచ్చి పడాలి."

"పెడితే మరి ఆయన..."

"ఆయనకి చెప్పావో, నీ చెవి నా దగ్గరే ఉంచేసుకుంటా."

ఇక్కడ ఒక చిన్న సంగతి. మైకూ, అది పలికే స్పీకరూ ఒకే ఇరుకు గదిలో ఉంటే కుదరదు. స్పీకరు అరిచింది మైకు వింటుంది, విన్నది మళ్ళీ స్పీకరుకి చెప్తుంది, రెండూ కలిసి కీచుమని చెవులు కొరికేస్తాయి. అంటే అచ్చం ఆ ఇద్దరిలాగే. బండిలో ఇప్పటికే అలాంటి జంట ఒకటుంది, రెండోది ఇమడదు. ఆ మాట ఆవిడకి చెప్పి, కుదరదని ఒప్పించి ఉండొచ్చు. కానీ నా చెవి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. పైగా షెడ్డు మూల ఒక పాత గొట్టం స్పీకరు పడుంది, ఎప్పుడో సర్కస్ వాళ్ళు ఊరంతా చాటింపు వేసుకోవడానికి వాడింది. చాలా రోజులుగా అది నన్నే చూస్తోంది.

బొత్తామంత మైకు తెచ్చి, ఎండ పడకుండా దించుకునే అట్ట వెనక, సరిగ్గా ఆవిడ మూతికి ఎదురుగా దాచాను. దాని వైరు తీసుకెళ్ళి లోపల స్పీకర్లకి కాకుండా ఇంజను ముందున్న ఇనప జాలీ వెనక బిగించిన ఆ గొట్టానికి కలిపాను. గొట్టం మూతి రోడ్డు వైపు. అత్తగారి గొంతు ఒకరి తాళం మీద ఆధారపడి ఉండకూడదని, దాన్ని నేరుగా బ్యాటరీకే ఇచ్చాను. బండి ఆగినా, తాళం తీసేసినా ఆవిడ మోగుతూనే ఉంటుంది.

ఆయన ఆవిడ గొంతు వినపడకూడదన్నాడు. వినపడదు. ఆవిడ మైకు కావాలంది. ఉంది. ఒకే బండిలో ఇద్దరు శత్రువులకి అడిగింది అడిగినట్టు ఇచ్చిన షెడ్డు ప్రపంచంలో మాది ఒక్కటే అయ్యుండాలి. ఇక వీధిలో జనం అంటారా, వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు, కాబట్టి వాళ్ళు కాదనే ప్రశ్నే లేదు.

ఆయన తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కిటికీ అద్దాలు బిగించి పాట పెట్టాడు. షెడ్డు రేకులు గజగజలాడాయి. గోడ మీద బల్లి పట్టు తప్పి కింద పడి, కాసేపు అక్కడే ఆలోచించుకుని, వేరే గోడ ఎక్కింది. అత్తగారు మైకు వైపు తిరిగి ఏదో అంది. ఆయన కదల్లేదు. ఆవిడ ఇంకా గట్టిగా అంది. ఆయన నవ్వుతూ తల ఊపుతున్నాడు, పాటకి. విన్నా విననట్టు నటిస్తున్నాడని ఆవిడ అనుకుంది. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన చేస్తున్నది అదే కాబట్టి ఆవిడకి అనుమానం రాలేదు.

బండి వెనక్కి వెళ్ళడం మొదలైంది.

"ఎడమ! ఎడమ! గుమ్మం స్తంభం! ఆ స్తంభం మీ నాన్నగారు పాతించారా, ధైర్యంగా దాని మీదికి పోతున్నారు?"

మా షెడ్డు ముందు నిద్రపోతున్న కుక్క లేచి నిలబడింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. లోపల సామాను సర్దుకుంటున్న పిన్ని పరుగున బయటికొచ్చింది.

"ఆ గొంతెక్కణ్ణుంచి వస్తోందిరా?"

"బండి ముందు నుంచి, పిన్నీ."

"ఎందుకొస్తోంది?"

"ఆవిడ మాట్లాడుతోంది కదా."

ఈసారి చెప్పు దొరికింది. కానీ విసిరేలోగా బండి వీధిలోకి ఎక్కేసింది. "స్కూటరు తియ్యి," అంది పిన్ని, చెప్పు చేతిలోనే పట్టుకుని. "వెనకాలే పోయి ఆపు. ఆపి ఆ గొట్టం పీకు. పీకాక దాంతోనే నిన్ను కొడతా."

వాళ్ళు వెళ్ళాల్సింది కొట్ల వీధి చివరున్న లాడ్జీకి, మేడ మీద గదులన్నిటికీ పరుపులు దింపడానికి. కొట్ల వీధంటే అందులో బండి దూరితే రెండు పక్కలా గోడలు ఊపిరి బిగబట్టాలి. మామూలుగా అయితే అక్కడ గీత పడకుండా బయటపడ్డ బండికి సన్మానం చెయ్యాలి. ఆయన లోపల పాట వింటూ దూరాడు. మెడ తిప్పాడు కూడా. పరుపే కనపడింది.

కానీ వీధి వింటోంది.

"పూలకుండీలు! ఎవరో దద్దమ్మ రోడ్డు మీద పెట్టాడు! కొంచెం కుడికి, అల్లుడుగారూ! కుడంటే అన్నం తినే చెయ్యి!"

దద్దమ్మ బయటికొచ్చి కుండీలు లోపలికి లాక్కున్నాడు.

"ఆ స్కూటరెవరిది? రోడ్డు వాళ్ళ అత్తగారిచ్చిందా?"

మంగలి కుర్చీలోంచి ఒకాయన సగం మొహం నురగతో పరిగెత్తుకొచ్చి స్కూటరు పక్కకి జరిపాడు. ఎడమ పక్కన ఏముంటే అది, ఆవిడ నోట్లోంచి రాగానే, మాయమైపోతోంది. బల్లలు లోపలికి పోయాయి, నిచ్చెనలు మడుచుకున్నాయి. నూనె రాసిన జుట్టులో దువ్వెన దిగినట్టు బండి దిగిపోతోంది. నా స్కూటరు ఒకసారి దాని కుడి పక్కకి చేరింది. కిటికీలోంచి ఆయన మొహం చూశాను. ఏళ్ళ తరబడి ఉన్న పన్నునొప్పి ఇప్పుడే పోయినవాడి మొహం అది. ఎంత బాగా తోలుతున్నానా అని తనకి తనే ఆశ్చర్యపోతున్నాడు.

"అరిచి ఆపరా!" అంది పిన్ని వెనకనుంచి.

"అరిస్తే వినపడదు పిన్నీ. పని అంత బాగా కుదిరింది."

చెప్పు నా వీపు మీద పడింది. ఈసారి విసరలేదు, దగ్గరే కదా.

గొడవంతా అడ్డాలు అయిపోయాక మొదలైంది. జనం అన్నీ తీసేసేసరికి అత్తగారికి ఎడమ పక్క చెప్పడానికేమీ మిగల్లేదు. ఆ నోటికి ఖాళీ అలవాటు లేదు. ఇక మనుషుల మీద పడింది.

"ఈ టైలరు మొహం చూడండి. చొక్కా కుట్టమంటే గోనెసంచి కుట్టి, ఒళ్ళే తప్పుగా ఉందన్నాడు."

టైలరు కత్తెరతో సహా రోడ్డు మీదికి వచ్చాడు.

"గడియారాల కొట్టు. ఆ కొట్లో ఒక గడియారానికీ ఇంకో గడియారానికీ మాటల్లేవు."

గడియారాలాయన కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే బయటికొచ్చాడు. ఒక కన్ను దోసకాయంత ఉంది.

"అడుగో, పళ్ళ డాక్టరు. ఊరివాళ్ళ పళ్ళు పీకుతాడు. ఆయన పళ్ళు మాత్రం గ్లాసులో పడుకుంటాయి."

పళ్ళ డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో నావైపు చూపిస్తూ, "ఇది కూడా నీ పనేనా?" అన్నాడు. నేను పిన్ని వైపు చూపించాను. యజమాని ఆవిడే కదా.

తిట్టు తిన్నవాళ్ళు ఒక్కొక్కరే బండి వెనక చేరారు. పక్కవాడికి పడ్డ తిట్టు గుర్తొచ్చి నవ్వుతున్నారు, తమకి పడ్డది గుర్తొచ్చి పళ్ళు కొరుకుతున్నారు. బండి ఎక్కడ ఆగితే అక్కడ ఆవిణ్ణి దింపి నాలుగు కడిగేద్దామని టైలరు అన్నాడు. కత్తెర గాల్లో ఆడిస్తూ అన్నాడు కాబట్టి ఎవరూ కాదనలేదు.

అప్పుడు ఆవిడకి ఫోనొచ్చింది. చిన్నకూతురు. పక్కన అంత పాట మోగుతుంటే ఎలా మాట్లాడిందని అడక్కండి. అవతలివాళ్ళు చెప్పేది వినే అలవాటు ఆవిడకి ఏనాడూ లేదు. ఎంత తిట్టినా ఆయన తల ఊపడం ఆపకపోయేసరికి, మైకు పనిచెయ్యట్లేదని, పక్కనున్నాయనకి నిజంగానే వినపడదని అప్పటికి ఆవిడకి నమ్మకం కుదిరినట్టుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని తన మాట తను చెప్పుకుపోయింది, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా.

"ఆఁ, చెప్పవే. తాళమా? ఇస్తానన్నాను కదా, మీ ఆయనకే. ఇవాళే. గీతా? గీత పడేదేంటే, పడినా పడకపోయినా ఇవాళే. ఏదో ఒక సాకు ఉండాలి కదా, అందుకని ఆ రోజు గీత అన్నాను. ఈయనా నమ్మాడు పిచ్చిమొహం. రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నాడు బండిని."

స్కూటరు బ్రేకు నాకు తెలీకుండానే తొక్కాను.

"ఈ ఒక్క లోడు దింపనీ. మేడ మీదికి పరుపులు మోస్తే మీ ఆయనకి నడుం పట్టేస్తుంది, పాపం సున్నితం. ఈయన మోస్తాడు. ఎద్దుకేం. మోయించాక చెప్తా. వెనక గదిలో కుర్చీ కూడా వేయించి ఉంచాను."

టైలరు కత్తెర దించేశాడు. గడియారాలాయన భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. అందరూ బండి ముందు గది వైపే చూస్తున్నారు. కుడి కిటికీలో ఆయన తల పాటకి ఊగుతోంది. ఊరంతటిలో ఆ మాట వినపడని మనిషి ఆయనొక్కడే. వినపడకుండా చేసింది నేనే. మంచి పనితనం అని చెప్పుకోడానికి నోరు రాలేదు.

"పోనియ్యి," అంది పిన్ని మెల్లిగా. "ముందుకి పోయి బండికి అడ్డం పెట్టు."

అడ్డం పెట్టాను. ఆయన గట్టిగా బ్రేకు వేసి, నన్ను చూసి, ఏమైందన్నట్టు పాట ఆపి అద్దం దించాడు. అత్తగారు ఫోనులో ఉంది, పాట ఆగిన సంగతి కూడా పట్టించుకోకుండా చెప్పుకుపోతోంది.

"...ఎద్దుకేం అన్నానని కాదులే, మోసినంతకాలం మోశాడు, ఇప్పుడు కూర్చుని కుట్టమను. నా కళ్ళెదురుగా ఉంటాడు. తాళం సాయంత్రం మీ ఆయన్ని వచ్చి తీసుకోమను."

ఆ మాట ఆయన ఎడమ చెవిలో ఒకసారి పడింది. బండి ముందు నుంచి వచ్చి రెండోసారి పడింది. ఆయన అత్తగారి వైపు చూడలేదు. ముందు జాలీ వైపు చూశాడు, తర్వాత వెనక చేరిన జనం వైపు, తర్వాత నావైపు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"షెడ్డు దగ్గర్నుంచి అన్నా."

"అందరూ విన్నారా?"

టైలరు తల వంచుకున్నాడు. అది చాలింది ఆయనకి.

అప్పటికి అత్తగారికి ఏదో తేడా తెలిసింది. ఫోను దించి, "ఎందుకాపారు అల్లుడుగారూ?" అంది. అల్లుడుగారూ అని గొట్టం కూడా అంది. ఆవిడ ఉలిక్కిపడి తన పక్క కిటికీ అద్దం దించి బయటికి చూసింది.

ఆయన తాళం తిప్పి, చెవి పీకి, దిగాడు. తలుపు ఎప్పటిలాగే మెల్లిగా వేశాడు. బండి చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చాడు. ముందు దీపం దగ్గర మొదలుపెట్టి తోక దాకా అరచేత్తో నిమిరాడు. ఒక్క గీత లేదు. కొట్ల వీధి మొత్తం దాటి వచ్చిన బండి మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యగారూ, దిగుతారా?"

"నా బండి. నేనెందుకు దిగాలి?"

"అయితే కూర్చోండి."

తాళం చెవిని కలం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ముందు దీపం పక్కన ఆనించి లాగడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. చెవి రేకు మీద కిర్రుమంటూ నడిచింది. ఆ కిర్రు తలుపులోంచి మైకులోకి ఎక్కి, గొట్టంలోంచి వీధంతా పరుచుకుంది. జనం చెవులు మూసుకున్నారు. గీత తలుపు మీదికి వచ్చింది, నిద్రపోతున్న అమ్మాయి మెడ మీదుగా వెళ్ళింది, అమ్మాయి లేవలేదు, గీత తొట్టి మీదికి సాగింది, తోక దీపం దగ్గర ఆగింది. కొలబద్ద పెట్టినట్టు తిన్నగా ఉంది. చేతులు వణికే మనిషి గీసిన గీత కాదది.

వెనక్కి నడిచొచ్చి, ఎడమ కిటికీలోంచి తాళం చెవి ఆవిడ ఒళ్ళో పడేశాడు.

"గీత పడింది అత్తయ్యగారూ. మాట మీద నిలబడండి."

ఆవిడ నోరు తెరిచింది. ఊపిరి మాత్రమే వచ్చింది, బుస్సుమంటూ. గొట్టం దాన్ని కూడా వదల్లేదు. తాళం తీసినా బ్యాటరీ ఉంది కదా. వీధి వీధంతా నిలబడి ఆవిడ ఊపిరి వింది.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకుని హెల్మెట్టు తియ్యలేదు.

"లోపలున్న పాటల పెట్టె నాది. రేపొచ్చి విప్పించుకుంటా."

"సరే అన్నా."

"గొట్టం ఆవిడకే ఉంచు." రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "నీ సంగతి తర్వాత చూస్తా."

నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జనం ఆయనకి దారిచ్చారు, ఇందాక బండికి ఇచ్చినట్టే.

చిన్నల్లుడు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. భార్య ఫోను చేసినట్టుంది, దువ్వుకున్న తల చెదరకుండా పరిగెత్తుకొచ్చాడు. అత్తగారి చేతిలోంచి తాళం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఎడమ పక్కకి చూడకుండానే ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. పెద్దల్లుడు ఆపిన పాట ఆపిన చోటి నుంచే, అంత గట్టిగానే, మొదలైంది. చిన్నల్లుడు మొదట అదిరిపడ్డాడు. అత్తగారు అటు తిరిగి ఏదో మొదలుపెట్టేసరికి, అది తనకి వినపడలేదని తెలిసి, మొహం మెల్లిగా వికసించింది. తలుపు మీద బొమ్మలో ఉన్న అమ్మాయి కూడా అంత హాయిగా లేదు. అద్దాలు బిగించాడు. పాట ఇంకాస్త పెంచాడు. ముందు నా స్కూటరు ఇంకా అడ్డంగానే ఉంది కాబట్టి బండి వెనక్కి తీశాడు.

"చిన్నల్లుడుగారూ! ఎడమ! ఎడమ పక్క స్తంభం!"

వీధంతా విన్నది. పూలకుండీలాయన విన్నాడు, నురగ మొహమాయన విన్నాడు, టైలరు విన్నాడు. ఎవరూ కదల్లేదు. అది కరెంటు స్తంభం, జరపడానికి కుదరదు. కుదిరినా జరిపేవారు కాదనుకుంటా.

పరుపులు బండిలో ఉన్నాయి కాబట్టి చప్పుడు మెత్తగానే వచ్చింది. రేకు మాత్రం మెత్తగా లేదు. తిన్నని గీత మీద అడ్డంగా ఒక పెద్ద సొట్ట పడింది.

"కత్తెరివ్వండి," అంది పిన్ని టైలరుతో. తీసుకుని నా చేతిలో పెట్టింది. "పోయి వైరు తెంపు."

నేను జాలీ దగ్గర వంగాను. అప్పుడే గొట్టం నా మొహం మీదే మోగింది.

"పెద్దల్లుడుగారూ! ఇదిగో, మిమ్మల్నే! పరుపులెవరు దింపుతారండీ?"

ఆయన అప్పటికి వీధి చివరికి చేరాడు. ఇంత దూరం నుంచి కూడా ఆయన భుజాలు ఒకసారి బిగిశాయి. వినపడింది. వెనక్కి మాత్రం తిరగలేదు. మలుపు దగ్గర ఆగి, మెడ తిప్పి, ఎడమ పక్క ఏమొస్తోందో తనే చూసుకుని, రోడ్డు దాటాడు.